ముందు గుమ్మం

ఆరు యూరోలు.
అమ్మ చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
టిక్కెట్టు మీద ఇంటి బొమ్మ,
బొమ్మలో ముందు గుమ్మం.
ఆ గుమ్మం తొక్కడం మా ఇంటావంటా లేదు.

పట్టా మీద కాళ్లు తుడుచుకుంది.
నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి,
మళ్లీ తుడుచుకుంది.

గైడు కుర్రాడి పేరు తెల్మో.
కొత్త బూట్లు, మాటకంటే ముందు కిర్రుమంటున్నాయి.
"మూడొందల ఏళ్లు, పదకొండు తరాలు,
ఇద్దరు బిషప్పులు, ఒక సేనాపతి..."
పటాల్లో అందరిదీ ఒకటే ముక్కు.
అమ్మ ముక్కులు చూడట్లేదు,
ఆ లేసు కాలర్లకి గంజి ఎవరు పెట్టారో చూస్తోంది.

నలభై మూడేళ్లు ఈ ఇంటి బట్టలుతికింది
మా అమ్మమ్మ దియొలిందా.
వంటింటి వెనక తలుపు, పెరట్లో రాతి తొట్టి,
లీమా నది మీంచి వచ్చే చలి,
ఆమెకి తెలిసిన బంగళా అంతే.
కాదు, ఇంకొకటి తెలుసు:
హాలు గోడ మీద నీలి పలకల్లో సాగే వేట.

పదిహేనేళ్లప్పుడు, ఈస్టర్ ముందు,
గోడ తుడవమని పంపితే
బకెట్టు తగిలి ఒక పలక ఊడిపడింది.
అదృష్టం, పగల్లేదు.
తోటమాలిని బతిమాలి తెచ్చిన గుప్పెడు సున్నంతో
రాత్రికి రాత్రి అతికించింది, దీపం లేకుండా.
తెల్లారి చూస్తే
వేటకుక్క తల కిందికి, చెవులు నేలకి.
ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.
మాకు మాత్రం ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేది
నవ్వలేక కళ్లు తుడుచుకుంటూ.

తెల్మో సరిగ్గా అక్కడే ఆగాడు.
"గమనించండి, ఒక్క పలక తలకిందులు.
పొరపాటు కాదిది.
లోపం లేనివాడు దేవుడొక్కడే అని
ఆనాటి పనివాడు కావాలని వదిలిన వినయం."
జర్మన్ దంపతులు ఫోటో తీసుకున్నారు.
అమ్మ నా చెయ్యి నొక్కిన నొక్కుకి
ఉంగరం అచ్చు పడింది.

వంటింట్లో రాగి గిన్నెలు, తాడుకి అవతల.
ఇవతల నుంచే లెక్కపెట్టింది.
"పద్నాలుగు. పదిహేనుండాలి," అంది
నాకు మాత్రమే వినపడేలా.

పెరట్లో తొట్టి ఉంది. ఎర్రచేపలున్నాయి.
'అలంకార కొలను' అని ఫలకం.
బట్ట బాదిన అంచు దొప్పలా అరిగిపోయింది.
అందులో అరచెయ్యి పెట్టి చూసింది అమ్మ.
సరిపోయింది.

తోటలో వాన అప్పుడే వెలిసింది.
మార్చి నెల, కమీలియాలు.
రేకు రేకుగా రాలవవి.
పువ్వుకి పువ్వే దిగిపోతుంది
మంచం దిగినట్టు,
నేల మీద కూడా మొహం పైకే పెట్టుకుని.

దొరసాని అనేదట:
"కొమ్మ మీదివి మావి దియొలిందా, రాలినవి నీవి."
దయగానే అనేదట.
శనివారం సాయంత్రం ఏప్రన్ నిండా వచ్చేవి.
సూపు గిన్నెలో నీళ్లు పోసి తేల్చేవాళ్లు.
అంచులు అప్పటికే గోధుమ రంగు.
చాలా ఏళ్లు అమ్మ
కమీలియా అంటే
పుట్టగొడుగులాగా నేల పూసేదనుకుంది.

తెల్మో అందర్నీ గాజు ఇంటి వైపు తీసుకెళ్లాడు.
'పువ్వులు కోయరాదు', మూడు భాషల్లో బోర్డు.
అమ్మ మూడూ చదివింది, రానివి కూడా.
రాలినవాటిలో ఒక్కటీ తొక్కకుండా
చెట్టు కిందికెళ్లి చెయ్యెత్తింది.

రాలేదు.
మెలితిప్పింది. కొమ్మంతా వంగొచ్చి
ఆగిన వానంతా నెత్తిన గుమ్మరించింది.
అరవై ఎనిమిదేళ్ల మనిషి, జుట్టు తడిసి,
పట్టుబడ్డ పిల్లలా నా వైపు తిరిగి,
"ఇంత గట్టిగా పట్టుకునుంటుందా ఇది?
మీ అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదే."

ఆమెకి మాత్రం ఎలా తెలుస్తుంది.

బస్సులో హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని
ఊరొచ్చేదాకా మూత తెరిచే ఉంచింది,
లోపల పువ్వుకి గాలాడాలని.